పాత గ్రాండ్ టూరర్‌కు కొత్త జన్మ: అపోహలు - వాస్తవాలు

కార్ల బాడీ తయారీలో పనిచేస్తానని తెలిసిన మిత్రులు ఇటలీ బాడీ తయారీ సంస్థ జగాటో వారి ఇసో రివోల్టా జీటీజెడ్ కారు ఫొటోలు పంపి తరచూ ఒకటే మాట అంటారు: ‘‘అమెరికా కారుకు ఇటలీ చొక్కా తొడిగారు, అంతే కదా!’’ 1960ల నాటి ఇసో గ్రిఫోను, అందులోనూ ఏ3/సీ అనే రేసు రూపాన్ని తలపించేలా 2020లో ప్రకటించిన కారు అది. తయారయ్యేవి 19 మాత్రమే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఇలాంటి కార్ల వెనకున్న పనంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

అపోహ: అమెరికా ఇంజన్ పెట్టి ఇటాలియన్ పేరు చెడగొట్టారు.

వాస్తవం: అసలు గ్రిఫోలో ఉన్నదే షెవర్లే ఇంజన్. మిలాన్ పక్కనున్న బ్రెస్సోలో స్కూటర్లు, ఇసెట్టా బుల్లి కారు తయారుచేసిన ఇసో సంస్థ అధిపతి రెంజో రివోల్టా పెద్ద కార్ల మీద మనసు పడ్డారు. 1961లో ఫెరారీ నుంచి బయటికొచ్చిన ఇంజినీరు జోట్టో బిజ్జారినిని పిలిపించుకున్నారు. సొంతంగా వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) రూపొందించుకునే స్తోమత అంత చిన్న సంస్థకు ఉండదు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో వాడే 5.4 లీటర్ల వీ8కు బలం ఉంది, మొండితనం ఉంది, విడిభాగాలకూ కరువు లేదు. ఇద్దరు మనుషులు సామాను సర్దుకుని పొద్దున బయలుదేరితే రాత్రికి మరో దేశంలో దిగాలి, గ్రాండ్ టూరర్ పని అది. దారిలో మొరాయించని ఇంజనే దానికి సరైన ఇంజన్. బెర్టోనే అనే బాడీ సంస్థలో ఉన్న యువ డిజైనర్ జోర్జెట్టో జుజారో గీసిన బాడీతో గ్రిఫో 1963 ట్యూరిన్ ప్రదర్శనకు వచ్చింది. రెండేళ్లకే, 1965 లె మాన్స్ 24 గంటల రేసులో, ఏ3/సీ 9వ స్థానంలో నిలిచింది. జీటీజెడ్ కింద ఉన్నది సీ7 అనే ఏడో తరం కార్వెట్ జెడ్06, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) బిగించిన 6.2 లీటర్ల వీ8. ఇందులో పేరు చెడిందెక్కడ? పాత పద్ధతినే కొనసాగించారు. జగాటోను నడిపే ఆండ్రియా జగాటో భార్య మరెల్లా రివోల్టా, రెంజో మనవరాలే.

అపోహ: పాత కారును స్కాన్ చేసి కొత్త ఛాసిస్ (చట్రం) మీద దించితే సరిపోతుంది.

వాస్తవం: కొలతలు ఒప్పుకోవు. గ్రిఫో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,500 మిల్లీమీటర్లు, సీ7 కార్వెట్‌ది 2,710. ఆ 210 మిల్లీమీటర్లను ఎక్కడ సర్దాలి? తలుపులో కలిపితే కారు నడుము సాగినట్టు ఉంటుంది, పొడవు ముక్కు, కురచ తోక అనే పొందిక పోతుంది. పాత కారుకు 15 అంగుళాల చక్రాలు. జెడ్06 వెనక చక్రం 20 అంగుళాలు, దాని టైరు వెడల్పు 335 మిల్లీమీటర్లు. అంత చక్రం చుట్టూ పాత వంపునే గీస్తే బాడీ పలచగా, ఆకలిగా కనబడుతుంది. పైగా చాలా ప్రాజెక్టుల్లో ఆధార కారు ముందు అద్దాన్నే ఉంచేస్తారు. కొత్త అద్దానికి అచ్చు చేయించి, భద్రతా పరీక్షలు దాటించడం పది, ఇరవై కార్ల కోసం భరించలేని ఖర్చు. అద్దం వాలు ఖరారైతే పైకప్పు ఎక్కడ మొదలవ్వాలో కూడా ఖరారైనట్టే. కాబట్టి మంచి డిజైనర్ పాత కారులోని రెండు మూడు లక్షణాలను ఎంచుకుని, మిగతాదంతా కొత్తగా గీస్తారు.

అపోహ: కంప్యూటర్లు, కార్బన్ ఫైబర్ వచ్చాక చేతిపనితో అవసరం లేదు.

వాస్తవం: 1952 నాటి ఆల్ఫా రోమియో రేసు కారు స్ఫూర్తితో ఇటలీ బాడీ సంస్థ టూరింగ్ సూపర్‌లెజ్జెరా 2013లో చూపిన డిస్కో వొలాంటెనే తీసుకోండి. ఆల్ఫా 8సీ కాంపెటీజియోనె ఆధారంగా చేసిన ఆ కారుకు ఒక్కోదానికి సుమారు 4,000 పనిగంటలు పట్టాయి. ప్యానెళ్లలో చాలావరకు చేత్తో మలిచిన అల్యూమినియమే.

సుత్తి దెబ్బలు తినేకొద్దీ అల్యూమినియం రేకు గట్టిపడుతుంది. ఇక వంగనని మొరాయించినప్పుడు వేడిచేసి మెత్తబరచాలి. అయితే ఇనుములా ఇది ఎర్రబడి హెచ్చరించదు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర రంగు మారకుండానే కరిగి చిల్లు పడిపోతుంది. అందుకే రేకు మీద సబ్బు రుద్ది, వెనక నుంచి మంట చూపిస్తారు. సబ్బు గీత ముదురు గోధుమ రంగుకు తిరగ్గానే మంట తీసేయాలి. తర్వాత ఇసుక సంచి మీద చెక్క సుత్తితో సాగగొట్టి, ఇంగ్లిష్ వీల్ అనే యంత్రపు చక్రాల మధ్య నడిపి నునుపు చేస్తారు. చివరి పరీక్ష నూలు తొడుగు వేసుకున్న అరచేతిదే. కంటికి దొరకని పల్లం చేతికి దొరుకుతుంది. కార్బన్ ప్యానెల్‌కైనా ఇదే వర్తిస్తుంది, అచ్చు తీసే నమూనాను చివర్లో సరిదిద్దేది మనిషి చెయ్యే.

డిస్కో వొలాంటె విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. 8సీ కూపేలు చేసిందే 500. అంత అరుదైన కారును విప్పి మరొకటి చేయడం నాకు నచ్చదు. వేలల్లో తయారైన కార్వెట్‌ను ఎంచుకోవడమే మేలు.

అపోహ: అల్యూమినియం, కార్బన్ తుప్పు పట్టవు, కాబట్టి చింత లేదు.

వాస్తవం: రెండూ నేరుగా తగిలితే, మధ్యలో తడి చేరితే, అల్యూమినియం తినేసినట్టు అవుతుంది. ఉక్కు గొట్టాల మీద అల్యూమినియం తొడిగిన పాత టూరింగ్ బాడీల్లోనూ అతుకుల దగ్గర ఇదే జబ్బు. మధ్యలో గాజు ఫైబర్ పొరో, తగిన జిగురో ఉండి తీరాలి.

అపోహ: కోచ్‌బిల్డింగ్ (కారు బాడీని విడిగా కట్టడం) మన వాళ్లకు తెలియనిది.

వాస్తవం: హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ బాడీ కట్టింది రోల్స్ రాయిస్ కాదు, లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ. అప్పట్లో ఛాసిస్ ఒకరి దగ్గర కొని, బాడీ మరొకరితో కట్టించుకోవడం మామూలే.

అపోహ: డబ్బుంటే ఇక్కడా కట్టించుకోవచ్చు.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. మినహాయింపులు తక్కువ. ఐరోపాలో కొద్ది సంఖ్యలో చేసే కార్లకు ప్రత్యేక ఆమోద పద్ధతులు ఉండబట్టే అక్కడ ఈ వృత్తి నిలిచింది.

విదేశాల్లో ఉండి ఇలాంటి కారు కొనే ఆలోచన ఉన్నవారు ఇంజన్ గురించి తక్కువ అడగండి, దాన్ని బాగుచేసేవారు దొరుకుతారు. ముందు అద్దం ఆధార కారుదేనా? కాకపోతే రెండో అద్దం తయారుచేసి ఉంచారా? తలుపులు, బానెట్ అచ్చులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎన్నేళ్లు దాస్తారు? ఈ జవాబులు రాతపూర్వకంగా తీసుకున్నాకే బయానా ఇవ్వండి.