నల్లజాతి మగవాళ్లు, మానసిక ఆరోగ్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను అమెరికాలోని అట్లాంటాలో సైకియాట్రిస్టుని. నా పేషెంట్లలో ఎక్కువమంది నల్లజాతి మగవాళ్లు. ఇక్కడి తెలుగువాళ్లు, వాళ్లలో డాక్టర్లు కూడా, వీళ్ల గురించి తేలిగ్గా అనేసే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "వాళ్లు గట్టి మనుషులు, డిప్రెషన్ తక్కువ."

వాస్తవం: 2007లో వెలువడిన ఒక జాతీయ సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన డిప్రెషన్‌కు గురైనవాళ్లు తెల్లవాళ్లలో 17.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం. ఇక్కడితో ఆగిపోతే మాట నిజమే. కానీ వచ్చిన డిప్రెషన్ ఏళ్ల తరబడి వదలనిది తెల్లవాళ్లలో 39 శాతం లోపు మందికైతే, నల్లవాళ్లలో 56 శాతానికి పైనే. పైగా నా దగ్గరికొచ్చే మగవాళ్లు "దిగులుగా ఉంది" అనరు. నిద్ర పట్టట్లేదంటారు, నడుం నొప్పంటారు. "ఈమధ్య ప్రతిదానికీ కసురుకుంటున్నాడు" అని పక్కనున్న భార్య చెబుతుంది.

గట్టితనం సంగతి కూడా చెప్పాలి. షర్మన్ జేమ్స్ అనే ఎపిడెమియాలజిస్టు (జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో పరిశోధించేవాడు) 1978లో నార్త్ కరోలినాలో జాన్ హెన్రీ మార్టిన్ అనే నల్లజాతి రైతుని కలిశాడు. పాలుకు చేసుకునే కుటుంబంలో పుట్టి, సొంతంగా చదవడం రాయడం నేర్చుకుని, రెక్కలు ముక్కలు చేసుకుని 40 ఏళ్లకల్లా 75 ఎకరాలు సంపాదించిన మనిషి. 60 రాకముందే బీపీ, కీళ్లవాతం, కడుపులో అల్సర్లు. జీర్ణాశయంలో 40 శాతం కోసి తీసేయాల్సి వచ్చింది. చేతిలో ఆధారం లేకుండా పళ్లబిగువున నెట్టుకొచ్చేవాళ్లకి బీపీ ముప్పు ఎక్కువన్న జేమ్స్ సిద్ధాంతం అక్కడే మొలకెత్తింది. ఆ గట్టితనాన్ని మెచ్చుకునే ముందు వాళ్ల బీపీ చార్టు ఒకసారి చూడమంటాను.

అపోహ: "మగతనం అడ్డొచ్చి డాక్టర్ దగ్గరికి రారు."

వాస్తవం: సగమే నిజం. మగాడు ఏడిస్తే నామర్దా అన్న పెంపకం ఉంది, కాదనను. మిగతా సగం మా వృత్తి చేసిన నిర్వాకం. యజమాని దగ్గర్నుంచి పారిపోవడం బానిసలకొచ్చే మానసిక రోగమని 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు రాశాడు. మందు కొరడా దెబ్బలేనట! అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ డాక్టర్లే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లకి వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పాత కథలు అంటారా? తీవ్రమైన డిప్రెషన్ ఉన్న నల్లవాళ్లకి స్కిజోఫ్రెనియా (లేనిపోని అనుమానాలు, భ్రమలు ఉండే జబ్బు) అని ముద్ర వేయడం తెల్లవాళ్లలో కంటే ఎక్కువగా జరుగుతోందని 2019లో రట్గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. కొత్త డాక్టరు ముందు ఆచితూచి మాట్లాడటాన్నే అనుమానపు జబ్బుగా రాసేస్తే ఇలాగే అవుతుంది.

అపోహ: "చర్చి ఉందిగా, థెరపీ ఎందుకు?"

వాస్తవం: ప్రార్థన, మందులు రెండూ కలిసి నడుస్తాయి. నేను పాస్టర్లతో కూడా మాట్లాడుతుంటాను.

అపోహ: "వాళ్లు ఎక్కడా నోరు విప్పరు."

వాస్తవం: బార్బర్ షాపుకి వెళ్లి చూడండి. తండ్రి పోయిన సంగతి, ఉద్యోగం ఊడిన సంగతి, అన్నీ ఆ కుర్చీలోనే బయటికొస్తాయి. అది గమనించే లోరెంజో లూయిస్ 2016లో ఆర్కన్సాలో 'కన్ఫెస్ ప్రాజెక్ట్' మొదలుపెట్టి, బార్బర్లకి వినడం, అవసరమైతే వైద్యానికి పంపడం నేర్పిస్తున్నాడు. మా క్లినిక్ పోస్టర్లకంటే ఇదే మేలని నా అభిప్రాయం.

అపోహ: "పరిస్థితి చెయ్యి దాటితే 911 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఉందిగా."

వాస్తవం: 2020 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో వాల్టర్ వాలస్ జూనియర్ మానసికంగా అదుపు తప్పితే ఇంట్లోవాళ్లు అంబులెన్సు కోసం ఫోన్ చేశామన్నారు. వచ్చింది పోలీసులు. అతని చేతిలో కత్తి ఉందని కాల్చి చంపారు. అందుకే ఇళ్లలో ఆ నంబరు నొక్కడానికి జంకుతారు. 2022 జూలై నుంచి మానసిక సంక్షోభాల కోసమే 988 అనే హెల్ప్‌లైన్ నంబరు పనిచేస్తోంది. అక్కడ ఎత్తేది కౌన్సెలర్, చాలా కాల్స్ ఫోన్లోనే సర్దుకుంటాయి. ప్రాణం మీదికొచ్చి 911 తప్పనిసరైతే, ఇది మానసిక సమస్య అని మొదటే చెప్పండి. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ పూటకి ఎవరైనా దగ్గరివాళ్లింటికి తరలించండి.