ఉప్పు ఫార్ములా వెనక వందేళ్ల తగవు

చిటికెడు టేబుల్ సాల్ట్ భూతద్దం కింద పెట్టి చూడండి. చాలా పలుకులు బుల్లి పెట్టెల్లా, పలకలు తీరి కనిపిస్తాయి. ఆ పెట్టె లోపల ఏముందో 1913 దాకా ఎవరికీ సరిగ్గా తెలియదు.

సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, రెండూ కలిస్తే ఒక ఉప్పు అణువు, అంటే రెండు పరమాణువుల విడి జట్టు, NaCl. పదో తరగతి పిల్లలు పరీక్షలో ఇలాగే రాసేస్తుంటారు. మొదటి రెండు మాటలూ సరే, మూడోదే తప్పు. అయితే ఇది పిల్లలొక్కరి పొరపాటు కాదు, మహామహులు పడ్డదే.

1807లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపి సోడియాన్ని విడదీశాడు. బంధానికీ విద్యుత్తుకీ చుట్టరికం ఉందని అలా తేలింది. కరెంటు పారేటప్పుడు అటూ ఇటూ నడిచే కణాలకు 1834లో ఫారడే అయాన్లని పేరు పెట్టాడు. కరెంటుతో పనిలేదు, నీళ్లలో వేస్తేనే ఉప్పు అయాన్లుగా విడిపోతుందని 1884లో ఆర్హీనియస్ థీసిస్ రాస్తే స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీలో అత్తెసరు మార్కులేశారు. ఆ సిద్ధాంతానికే 1903లో నోబెల్ వచ్చింది.

అసలు దెబ్బ 1913లో తగిలింది. లారెన్స్ బ్రాగ్ అనే 23 ఏళ్ల కుర్రాడు ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటికం లోపలి అమరికను లెక్కగట్టాడు. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. ఫలానా సోడియానికి ఫలానా క్లోరిన్ జోడీ అని చెప్పే వీలే లేదు. అంటే ఘనరూపంలో ఉన్న ఉప్పులో అణువన్నదే లేదు! ఎనభైకి దగ్గరపడ్డ బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఇది మింగుడుపడలేదు. ఉప్పును చదరంగం బల్ల చేస్తారా అంటూ 1927లో 'నేచర్' పత్రికలో విరుచుకుపడ్డాడు. నాకు ఆయన మీద కోపం రాదు. జీవితమంతా అణువులతోనే ఆలోచించిన మనిషి మరి.

ఈలోగా 1916లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కోసెల్ ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు వివరించాడు. సోడియం ఒక్క ఎలక్ట్రానే ఎందుకిస్తుంది? మొదటిది లాగడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు చాలు (మోల్ అంటే పరమాణువుల లెక్కకు ఒక కొలత), రెండోదానికి 4562 కావాలి. అందుకే ఉప్పులో ఒకటికి ఒకటి. మెగ్నీషియం రెండు ఇస్తుంది కాబట్టి మెగ్నీషియం క్లోరైడ్‌లో ఒకటికి రెండు. ఫార్ములా చెప్పేది ఈ నిష్పత్తినే.

క్రిస్‌క్రాస్ పద్ధతిలో (ఒకదాని ఛార్జి అంకెను రెండోదాని కింద రాయడం) కాల్షియం ఆక్సైడ్‌కి రెండు, రెండు వస్తే టీచర్ కొట్టేయమంటారు. అక్కడున్నది నిష్పత్తే కాబట్టి కొట్టేయవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనూ రెండు, రెండే, కానీ కొట్టేయకూడదు. అది నిజంగానే నాలుగు పరమాణువుల అణువు.