పుస్తకం మూసేశాక ఏం గుర్తుంది?

ఇంటర్ రెండేళ్లూ మన పిల్లల రోజును ఎవరో ఒకరు గంటలుగా కోసి చేతికిస్తారు. తెల్లవారగానే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరిన మొదటి వారంలోనే ఆ కాపలా అంతా పోతుంది. సెమిస్టర్‌కి రెండు మిడ్‌లు, చివర ఒక పెద్ద పరీక్ష, 75 శాతం అటెండెన్స్. మిగతాదంతా మీ ఇష్టం. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలకు కూడా మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్ పడేది ఇక్కడే. "స్వేచ్ఛ దొరికేసరికి చెడిపోయాడు" అని ఇంట్లోవాళ్లు బాధపడతారు. ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. పోయింది క్రమశిక్షణ ఒక్కటే కాదు. ఇంటర్‌లో వాళ్లకు తెలియకుండానే జరిగిపోతున్న ఒక ముఖ్యమైన పని కూడా ఆగిపోయింది. చదివినదాన్ని పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకోవడమే ఆ పని.

వారాంతపు పరీక్షల వల్ల వచ్చే ర్యాంకుల భయం, నిద్రలేమి పిల్లల్ని ఎంత నలిపేస్తాయో అందరికీ తెలుసు. వాటిని నేను సమర్థించడం లేదు. కానీ పరీక్షలో భయాన్ని పక్కనపెడితే మిగిలే పని ఒకటుంది: బుర్రలోంచి జవాబును బయటికి లాగడం. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లు ఈ పనిని చాలా లోతుగా చూశారు.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. విజ్ఞాన విషయాల మీద చిన్న పాఠాలు ఇచ్చి, ఒక జట్టును నాలుగు విడతలూ చదువుకోమన్నారు. ఇంకో జట్టును ఒక్క విడతే చదవమని, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లే ముందున్నారు: 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో సంగతి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందో ముందే అంచనా వేయమంటే, ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే. ఫస్టియర్‌లో చాలామందిని దెబ్బతీసేది ఈ ధీమాయే. ఒక పేజీని రెండోసారి చదివినప్పుడు కళ్లు సాఫీగా జారిపోతాయి, వాక్యాలు పరిచయంగా కనిపిస్తాయి. ఆ పరిచయాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. మిడ్‌కి ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చిన ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పీడీఎఫ్ మూడుసార్లు తిరగేసినవాళ్లకు ఈ ధీమా బాగా ఉంటుంది. మర్నాడు మిడ్ ఎలాగో గట్టెక్కుతుంది కూడా. రెండు నెలల తర్వాత సెమిస్టర్ పరీక్షలో అదే ప్రశ్న వస్తే, చదివిన జ్ఞాపకం ఉంటుంది గానీ జవాబు ఉండదు.

2013లో జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించారు. పుస్తకంలో రంగు గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అడుగున నిలిచాయి. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మధ్య విడదీసుకోవడం పైన నిలిచాయి. మన పెద్దలు ఎక్కాలు, వేమన పద్యాలు పుస్తకం లాక్కుని అప్పజెప్పించుకున్నప్పుడు చేయించింది మొదటిదే.

ఇక రెండోది, విడదీసుకోవడం. దీని కథ పాతది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. ఆయన కొలిచిన తీరు తెలివైనది. మరిచిపోయిన జాబితాను మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆ ఆదా 58 శాతం. ఒక రోజు గడిస్తే 34 శాతం. నెల రోజుల తర్వాత కూడా 21 శాతం దగ్గర ఆగింది. అంటే మరుపు మొదటి రోజే విరుచుకుపడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే దాదాపు అదే వక్రరేఖ వచ్చింది.

మరి రెండోసారి ఎప్పుడు తిరగేయాలి? 2008లో నికొలస్ సెపెడా బృందం వెయ్యిమందికి పైగా మనుషులతో దీన్ని పరీక్షించింది. పరీక్ష వారం దూరంలో ఉంటే ఒక రోజు విరామం ఇచ్చి తిరగేసినవాళ్లు, 35 రోజుల దూరంలో ఉంటే 11 రోజుల విరామం ఇచ్చినవాళ్లు బాగా రాశారు. పరీక్ష ఎంత దూరమైతే విరామం అంత పెరగాలన్నమాట. మన లెక్కలో చెప్పాలంటే, సోమవారం క్లాసులో విన్నది మంగళవారం ఒకసారి, ఆపై వారం పది రోజులకు ఒకసారి చూడకుండా రాసుకుంటే సరిపోతుంది. ఒక్కోసారి పావుగంట కంటే పట్టదు. సగం మరిచిపోయిన దశలో గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని చూసి "నాకు రావట్లేదు" అని టెన్షన్ పడి పుస్తకం తెరిచేస్తారు చాలామంది. దయచేసి కాసేపు ఓపిక పట్టండి. జ్ఞాపకం గట్టిపడేది ఆ పెనుగులాటలోనే. ఎంత ఆలోచించినా రాకపోతే అప్పుడు చూసి, తప్పు సరిదిద్దుకోండి. సరిదిద్దుకోకుండా వదిలేస్తే తప్పే పాతుకుపోతుంది.

మన అష్టావధానాన్ని ఈ కోణంలో చూస్తే ముచ్చటేస్తుంది. అవధాని ఒక పద్యాన్ని ఒకేసారి పూర్తి చేయడు. సమస్యకు ఒక పాదం చెప్పి, దత్తపదికి (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పడానికి) వెళ్లి, అక్కడినుంచి వర్ణనకు వెళ్లి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి చమత్కారాలకు జవాబిచ్చి, తర్వాతి ఆవృత్తిలో, అంటే తర్వాతి రౌండులో, మళ్లీ మొదటి పృచ్ఛకుడి (ప్రశ్న అడిగినవారి) దగ్గరికి వస్తాడు. అప్పటికి వెనకటి పాదాన్ని తానే గుర్తు తెచ్చుకోవాలి. చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెబుతాడు. అవధానుల ప్రజ్ఞ వెనక ఏళ్ల సాధన ఉంది, అది అందరికీ అబ్బదు. కానీ ఒక విషయాన్ని వదిలి, వేరే దానిలో మునిగి, తిరిగి వచ్చి అందుకోవడం మనమూ చేయగలం.

అలా కలగలిపి సాధన చేస్తే లెక్కల్లో ఎంత తేడా వస్తుందో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో చూపించారు. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం కాలేజీ విద్యార్థులకు నేర్పారు. కొందరు ఒక రకం లెక్కలన్నీ అయ్యాకే రెండో రకం చేశారు. మిగతావాళ్లకు అన్నీ కలిపి ఇచ్చారు. సాధన చేసేటప్పుడు వరసగా చేసినవాళ్లకు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో వరస జట్టుకు 20 శాతం, కలిపిన జట్టుకు 63 శాతం. కారణం ఊహించడం కష్టం కాదు. మాట్రిసెస్ చాప్టర్ కింద ఉన్న పది లెక్కలకూ ఏ పద్ధతి వాడాలో ఆ చాప్టర్ పేరే చెప్పేస్తుంది. పరీక్ష పేపర్‌లో ఆ పేరు ఉండదు. ఏ పద్ధతి వాడాలో పోల్చుకోవడమే సగం లెక్క. అందుకే పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, యూనిట్ల వరస చెడగొట్టి చేయండి. తప్పులు ఎక్కువ వస్తాయి, రానివ్వండి.

నిద్ర గురించి కొంచెం. అర్ధరాత్రి దాకా నిద్ర రాకపోవడం మీ వయసులో సోమరితనం కాదు. యుక్తవయసులో శరీరంలోని గడియారం ఆలస్యం వైపు జరుగుతూ పోయి, ఇరవై ఏళ్ల ప్రాంతంలో అన్నింటికంటే ఆలస్యంగా నడుస్తుంది. కాలేజీ బస్సు మాత్రం దాని టైముకే వస్తుంది. ఆ మధ్యలో నిద్ర తెగిపోతుంది, దానితో పాటు చదివినదీ పలచబడుతుంది. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఎలుకల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిపోకాంపస్ అనే భాగాన్ని గమనించారు. మెలకువగా తిరిగేటప్పుడు కలిసి పనిచేసిన కణాలే, తర్వాత గాఢనిద్రలో మళ్లీ కలిసి మేల్కొన్నాయి. పగటి అనుభవాన్ని మెదడు నిద్రలో తిరగేసుకుంటుందన్న ఆలోచనకు ఇది గట్టి ఆధారం. నైటౌట్ చేసి చదివితే ఆ తిరగేత పోతుంది. పొద్దున్నే కాసేపు ఎండలో నడవడం, రాత్రి ఫోన్ వెలుగు తగ్గించడం ఆ గడియారాన్ని కొంత ముందుకు జరుపుతాయి.

చివరగా, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లతో, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడాలి. మొదటి నెలలో ఇంగ్లిష్ లెక్చర్ సగం అర్థం కాక, పక్కవాళ్లంతా తలలూపుతుంటే "నేను ఇక్కడికి తగను" అనిపిస్తుంది. 2011లో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, అమెరికాలో ఫస్టియర్ విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదివించారు. ఈ బెరుకు దాదాపు అందరికీ ఉంటుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది అన్నదే వాటి సారం. మొత్తం గంట పని. ఆ తర్వాత మూడేళ్లపాటు నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరుగుతూ వచ్చి, తెల్లవాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. 2023లో 22 కళాశాలల్లో 26 వేలమందికి పైగా విద్యార్థులతో దీన్ని పరీక్షించినప్పుడు ఒక షరతు బయటపడింది: అలాంటి పిల్లలకు నిజంగా చోటిచ్చిన కాలేజీల్లోనే ఆ మాటలు పనిచేశాయి.

కాబట్టి ఈ భారం పిల్లల మీద ఒక్కటే వేయకూడదు. లెక్చరర్లు మొదటి నెలలో క్లాసు చివర ఐదు నిమిషాలు, మార్కులు లేకుండా, "ఈరోజు విన్నది చూడకుండా రాయండి, తెలుగులో రాసినా పరవాలేదు" అంటే చాలు. సీనియర్లు తమకు మొదటి సెమిస్టర్‌లో ఏమీ అర్థం కాని రోజుల గురించి జూనియర్లకు మొదటి మిడ్ రాకముందే చెప్పాలి. మీరు ఫస్టియర్ అయితే హాస్టల్ రూంలో ఒక స్నేహితుణ్ణి చూసుకుని, ఈరోజు క్లాసులో విన్నది పుస్తకం మూసేసి, మీకు వచ్చిన భాషలో, అతనికి చెప్పడం మొదలుపెట్టండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ పుస్తకం తెరవండి.