పాత బండి మీటరు ఎక్కడ తప్పుతుంది?

గోదావరి డెల్టాలో పాతికేళ్లు దాటిన బైకులు ఇంకా రోజూ పనిచేస్తూనే ఉన్నాయి. కాలవ గట్ల మీద కొబ్బరికాయలు, పాల క్యాన్లు మోసేది చాలాచోట్ల అవే. కానీ వాటి మీటరులో కనిపించే అంకెను నమ్మేవాళ్లు తక్కువ. ‘మీటరు పోయిందండీ’ అని వదిలేస్తారు. అలా వదిలేయకూడదని నా అభిప్రాయం. మైలేజీ లెక్క, ఇంజిన్ ఆయిల్ మార్చే సమయం, రేపు అమ్మితే వచ్చే ధర, అన్నిటికీ ఆ అంకే ఆధారం.

అసలు ఓడోమీటరు, అంటే కిలోమీటర్ల అంకెలు చూపే భాగం, దూరాన్ని కొలవదు, చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది. చాలా పాత బైకుల్లో ముందు చక్రం హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరుండే చిన్న గేరు మీటరు కేబుల్‌ని తిప్పుతుంది. ఆ కేబుల్ పైకొచ్చి రెండు పనులు చేస్తుంది. అల్యూమినియం గిన్నె పక్కన అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాంతో గిన్నెలో ఎడ్డీ కరెంట్లు (లోహంలో సుడులుగా తిరిగే కరెంటు) పుట్టి, గిన్నెతో పాటు స్పీడు ముల్లు కదులుతుంది. 1902లో జర్మనీకి చెందిన ఒట్టో షుల్జె పేటెంటు పొందిన పద్ధతి ఇది. రెండో పని కిలోమీటర్ల అంకెలను తిప్పడం, అవి మాత్రం పూర్తిగా పళ్లచక్రాల మీదే నడుస్తాయి.

అందుకే ముల్లు బాగానే ఆడుతూ అంకెలు కదలకపోతే లోపం మీటరు లోపలే, ఎక్కువగా ప్లాస్టిక్ గేరు పన్ను విరిగి ఉంటుంది. రెండూ ఆగిపోతే కేబుల్, హబ్బు గేరు చూడాలి. పంక్చర్ వేయించిన వెంటనే ఆగిందంటే, చక్రం తిరిగి బిగించేటప్పుడు మీటరు గేరు చెవులు (పొడుచుకొచ్చిన కొనలు) హబ్బు గాడుల్లో సరిగ్గా కూర్చోలేదేమో ముందు చూడండి. కూర్చోకుండా ఇరుసు బిగిస్తే ఆ చెవులు విరిగిపోతాయి.

మీటరు తిరుగుతూనే తప్పు చూపిస్తుంటే పరీక్ష చేయాల్సిందే. మనది చదునైన నేల. రావులపాలెం నుంచి తణుకు వైపు జాతీయ రహదారి 16 మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 20 కిలోమీటర్లు నడపండి. ఒకటి రెండు కిలోమీటర్లు చాలవు, ఎందుకంటే మీటరులో చివరి అంకె 100 మీటర్లది. ఒక కిలోమీటరులో అదే పది శాతం, ఇరవైలో అర శాతం. ఫోన్ జీపీఎస్‌తోనూ సరిచూసుకోవచ్చు. కాకపోతే మెలికలు తిరిగే కాలవ గట్టు మీద అది మలుపులను కోసేసి దూరం తక్కువ చూపే వీలుంది.

ఇదే పరీక్ష మళ్లీ చేయండి. రెండుసార్లూ 20.8 వస్తే తప్పు స్థిరంగా ఉన్నట్టు. ఒకసారి 20, ఇంకోసారి 17 వస్తే ఎక్కడో జారుతోంది. ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పళ్లు జారితే కిలోమీటర్లు తగ్గుతాయే తప్ప పెరగవు. ఎప్పుడూ ఒకే లెక్కన ఎక్కువ చూపించే మీటరుకి కేబుల్ మార్చి లాభం లేదు.

అలాంటప్పుడు టైరు చూడాలి. 2.75-18 టైరు (2.75 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల రిమ్ముది) చుట్టుకొలత సుమారు 1.87 మీటర్లు, అంటే కిలోమీటరుకి దాదాపు 535 చుట్లు. నేలకు తగిలే పైపొర 5 మిల్లీమీటర్లు అరిగితే చుట్లు పెరిగి మీటరు 1.7 శాతం ఎక్కువ చూపుతుంది. గాలి తగ్గినా చూపించేది ఎక్కువే. దాని బదులు 3.00-18 వేస్తే రెండు శాతం తక్కువ. ఇదంతా ముందు టైరుకే. మీటరు ముందు చక్రం నుంచి నడిచే బండికి వెనక టైరు మార్చినా లెక్క మారదు. నాలుగైదు శాతం తేడా వస్తే మాత్రం వేరే మోడల్ మీటరో హబ్బు గేరో వేశారేమో అడగాలి.

జారుడు సమస్య మన వైపు ఎక్కువ. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కేబుల్ తుప్పు పడుతుంది, లంకల్లో వరదనీళ్లు హబ్బులోకి దిగి గ్రీజు కడిగేస్తాయి. ముల్లు వణకడం మొదలైతే కేబుల్ బిగుసుకుంటోందని అర్థం. లోపలి తీగ బయటికి లాగి, తుడిచి, పల్చగా గ్రీజు రాయాలి. మీటరు వైపు చివరి నాలుగైదు అంగుళాలు మాత్రం పొడిగా వదిలేయాలి. లేకపోతే గ్రీజు పైకెక్కి మీటరు లోపలికి చేరుతుంది.

స్థిరమైన తప్పుకి అంకెలు వెనక్కి తిప్పించకండి, అది కొనేవాణ్ణి మోసం చేయడమే. 20.8 చూపే మీటరు రీడింగ్‌ని 0.96తో గుణిస్తే అసలు దూరం వస్తుంది. మీటరే మార్చాల్సి వస్తే పాత రీడింగ్, తేదీ బిల్లు మీద రాయించి ఆర్‌సీతో పాటు దాచండి.