రేప్ కేసులో నిందితుడికి వకీలు ఎందుకు? గడ్చిరోలి వైపు పాత కథ

2019లో దిశ కేసప్పుడు షాద్‌నగర్ లాయర్లు నిందితుల తరఫున వాదించం అన్నారు, మహారాష్ట్రలో మా గడ్చిరోలి జిల్లా సిరొంచ, అంకీస, ఆసరెల్లిల్లో తెలుగు ఛానెళ్లు చూసేవాళ్లు చాలామంది మంచి పని చేశారనే అన్నారు. ఈ కోపం మా జిల్లాకి కొత్త కాదు.

1972 మార్చిలో దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద ఇద్దరు పోలీసులు లైంగిక దాడి చేశారని కేసు, తర్వాత దేశమంతా మథుర కేసు అన్నది దీన్నే (అప్పటికి గడ్చిరోలి జిల్లానే లేదు, 1982 దాకా అంతా చాందా, అంటే చంద్రపూర్ జిల్లాలోనే). సెషన్స్ కోర్టు వదిలేసింది, బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది, 1978లో సుప్రీం కోర్టు మళ్లీ వదిలేసింది, కారణం ఏందంటే ఒంటి మీద గాయాల్లేవంట, అరవలేదంట! వకీళ్లుంటే ఎవడైనా బయటపడతాడు అనే మాట జనంలో గట్టిపడిందంటే ఇట్లాంటి తీర్పుల వల్లనే.

కానీ 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్ ఇంకో ఇద్దరు లా ప్రొఫెసర్లు చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాస్తే అందులో కడిగేసింది కోర్టు తర్కాన్ని, నిందితులకి వకీలు ఎందుకు అని కాదు. దాని వేడికే 1983లో చట్టం మారింది, కస్టడీలో జరిగితే, నేను ఒప్పుకోలేదు అని ఆమె చెప్తే కోర్టు అదే నిజమనుకుని మొదలుపెట్టాలి, కాదని చూపించే బరువు అవతలివాళ్ల మీద. సాక్ష్యం రూల్ మారింది, వకీలు మాత్రం ఉన్నాడు. మథుర తీర్పొచ్చిన 1978లోనే హోస్కోట్ కేసులో సుప్రీం కోర్టు పేద ఖైదీకి ఉచితంగా వకీలునివ్వాలంది. 2010లో అయితే, వాదించం అని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని తేల్చేసింది, తేదీ డిసెంబర్ 6. దిశ నిందితుల ఎన్‌కౌంటర్ కూడా డిసెంబర్ 6నే, తొమ్మిదేళ్ల తర్వాత.

వకీలు లేకపోతే ఏమైతది అనేదానికి మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు చూడండి. 2013లో చిన్నపిల్ల మీద అత్యాచారం, హత్య. నిందితుడికి లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సాయం) వకీలునిచ్చిన రోజే కోర్టు అభియోగాలు మోపేసింది, ఆయన ఫైల్ ఎప్పుడు చదివినట్టు? రెండు వారాల్లో విచారణ అయిపోయి ఉరిశిక్ష పడింది, అందరూ స్పీడ్ మెచ్చుకునే ఉంటారు. 2019లో సుప్రీం కోర్టు మొత్తం కొట్టేసి మొదటి నుంచి విచారించమంది, ఉరి గానీ యావజ్జీవం గానీ పడే కేసుల్లో కనీసం పదేళ్లు ప్రాక్టీసు చేసిన వకీలుండాలి, కనీసం ఏడు రోజుల టైమివ్వాలి అని చెప్పింది. 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. పదకొండేళ్లు పోయినా ఆ పిల్ల తల్లిదండ్రులకి ఎవరు చేశారో తెలీదు.

మా దగ్గర ఇంకో తిప్పలుంది. సెషన్స్ కోర్టు చాలా ఏళ్లు గడ్చిరోలిలోనే ఉండేది, సిరొంచ నుంచి దాదాపు రెండొందల కిలోమీటర్లు, విచారణ నడిచేదంతా మరాఠీలో, ఇక్కడ చాలామందిది తెలుగు. నిందితుడికి తెలిసిన భాషలో సాక్ష్యాన్ని కోర్టులోనే వినిపించాలని చట్టంలో ఉంది, కానీ అది అడగాల్సింది వకీలే, కాబట్టి లీగల్ ఎయిడ్ వకీలుకి కేసు అప్పజెప్పేటప్పుడు ఆయనకి తెలుగు వస్తదా అని ముందే చూడాలి.