స్వరం ఒక మాట, దాని చోటు ఇంకో మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పాఠంలో నేర్చుకున్న "శ్రీ గణనాథ" గీతాన్ని కంప్యూటర్లో ఎక్కించి పంపమని అడిగారు కదా. ఎక్కించడానికి గంట పట్టింది, చెదిరిపోవడానికి క్షణం చాలింది. మర్నాడు ఫాంటు మార్చేసరికి "ణ" మీద ఉండవలసిన తారాస్థాయి షడ్జం, అంటే పై స్థాయి "స", పక్కకు జరిగి "నా" నెత్తిన కూర్చుంది. తప్పు నాదే. ఏ స్వరానికి ఏ అక్షరమో చెప్పకుండా, మధ్యలో ఖాళీలు కొట్టి కంటికి సరిపోయేలా చూసుకున్నాను. ఖాళీ ఎందుకుందో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

అందుకే ఈసారి ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో రాశాను. ఇందులో ప్రతి అంశానికీ పేరున్న తొడుగు వేస్తాం; ఆ తొడుగునే ట్యాగు అంటారు. ట్యాగు పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చునని చాలామందికి తెలియదు. ఆ షడ్జాన్ని ఇలా రాశాను:

<స్వరం స్థాయి="తార" కాలం="1" సాహిత్యం="ణ">స</స్వరం>

ఇందులో చుక్క ఎక్కడా లేదని గమనించారా? తారాస్థాయి అని చెప్పాం కాబట్టి పైన చుక్క పెట్టే పని అచ్చువేసే ప్రోగ్రాముది. ఇలాంటి స్వరాలు అంగంలోను (తాళంలో ఒక భాగం), అంగాలు ఆవర్తంలోను (తాళం ఒక చుట్టు) ఒదుగుతాయి. రూపక తాళంలో ద్రుతం, లఘువు అనే రెండు అంగాలున్నాయి; ద్రుతానికి రెండక్షరాలు, లఘువుకు నాలుగు కాబట్టి, "మ ప" తరువాత ఒక నిలువు గీత, "ద స స రి" తరువాత రెండు గీతలు వాటంతట అవే పడతాయి.

అయితే రూపాన్నంతా ఇలా నియమాలకు వదిలేయడం కుదరదు. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, పాడే స్వరాల మీద అడ్డగీత గీస్తాం కదా. ట్యాగులో కాలం, అంటే స్వరం నిడివి, అర అని రాస్తే గీత వస్తుంది గాని, నాలుగు స్వరాలకూ కలిపి ఒకే గీత గీయాలా, రెండేసిగా విడగొట్టాలా అన్నది ఆ అంకె చెప్పదు. పాడేవాడి కన్ను ఆ గుంపులను బట్టే నడుస్తుంది. కాబట్టి గుంపుకు కూడా ఒక ట్యాగు ఉండాలని నా అభిప్రాయం.

పాశ్చాత్య సంగీతం రాసేవాళ్లకూ ఈ చిక్కు ఉంది. 2004లో మొదటి రూపం వెలువడిన మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో స్వరమూ దాని నిడివీ ఒకవైపు, కాగితం మీద దాని చోటు ఇంకోవైపు ఉంటాయి. అయిదు గీతల్లో పక్కపక్క గీతల మధ్య దూరాన్ని పది భాగాలు చేసి, ఆ కొలతలో చోటు చెబుతారు. వరుస ఎక్కడ విరగాలో చెప్పే గుర్తు వేరే ఉంది. చదివే ప్రోగ్రాము తన తెర వెడల్పును బట్టి ఆ చోట్లను పక్కన పెట్టినా పాట మారదు.

మన సకారాన్ని ఆ పద్ధతిలోకి నేరుగా దించడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. అక్కడ స్వరానికి స్థిరమైన శ్రుతి చెప్పాలి. మన షడ్జమో, పాడేవారి శ్రుతిని బట్టి ఉంటుంది.

1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం దొరికితే ఒక పుట తెరిచి చూడండి. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు (స్వరాన్ని కదిలించి పాడే తీరులకు) వేరువేరు గుర్తులు కనిపిస్తాయి. అక్కడ గుర్తు అలంకారం కాదు, అది తీసేస్తే పాడే తీరే పోతుంది. అందుచేత గమకాన్ని రూపం ఖాతాలో వేయకుండా స్వరం ట్యాగులోనే ఒక లక్షణంగా చేర్చాలి.

ఈ ఉత్తరంతో పంపుతున్న ఫైలులో మొదటి రెండు ఆవర్తాలే ఉన్నాయి. ప్రతి ఆవర్తం చివరా వరుస విరుపు గుర్తు పెట్టాను. కాగితం మీద అది పనికొస్తుంది, ఫోనులో చూసేటప్పుడు వదిలేయవచ్చు. మిగిలిన గీతానికి తొడుగులు మీరే వేసి పంపండి. "శ్రీ" ఒక్క అక్షరమే అయినా దాని మీద మ, ప రెండు స్వరాలున్నాయి. రెండో స్వరానికి సాహిత్యం అన్నచోటును నేను ఖాళీగా వదిలాను; అక్కడ మీరు ఏం రాస్తారో చూస్తాను.

మీ తాతయ్య