ముక్కు బరువా, తోక బరువా?

పిల్లలు ఆడుకునే థర్మోకోల్ గ్లైడర్ ముక్కు దగ్గర ఓ చిన్న బరువు ఉంటుంది. అది ఊడిపోయాక విసిరి చూడండి. రివ్వున పైకి లేస్తుంది, గాల్లో ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, ఆ వెంటనే దబ్బున పడుతుంది. ఊడిన చోట ఒక పేపర్ క్లిప్పో, కాస్త మట్టి ముద్దో పెట్టి మళ్ళీ విసిరితే సాఫీగా జారుకుంటూ పోతుంది. రెక్కలు అవే, తోక అదే, విసిరిన చెయ్యీ అదే. బరువు ఎక్కడుందన్నదే మారింది.

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల వాళ్ళ నోట ఎప్పుడూ వినపడే సీజీ ఇదే. విమానం బరువంతా తూగే బిందువన్నమాట. పాఠ్యపుస్తకాల్లో దీన్నే గరిమనాభి అంటారు. కిట్‌తో వచ్చే ప్లాన్ మీద రెక్క ముందు అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు వెనక అని ఒక గుర్తు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు వాడే మామూలు ట్రైనర్ మోడళ్ళలో అది రెక్క వెడల్పులో, అంటే ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఉన్న దూరంలో, పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య పడుతుంది. కొత్తవాళ్ళు ఆ గుర్తును శిలాశాసనంలా చూస్తారు. మొదటిసారి ఎగరేయడానికి అది చాలు. కానీ మీ చేతిలో ఉన్న విమానానికి సీజీ ఎక్కడ ఉండాలన్నది మాత్రం అది ఎగిరితే గానీ తేలదు.

ముందు, ఇప్పుడు ఎక్కడుందో చూద్దాం. విమానం ఎగరడానికి పూర్తిగా సిద్ధంగా ఉండాలి. బ్యాటరీ, ప్రొపెల్లర్, చక్రాలు అన్నీ బిగించే ఉండాలి. ఇంధనంతో నడిచే ఇంజన్ అయితే ట్యాంకు ఖాళీగా ఉంచి తూచాలి. ట్యాంకు సాధారణంగా సీజీకి ముందు ఉంటుంది కాబట్టి ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ముక్కు తేలికై తోక బరువు తేలుతుంది. సరిగ్గా ల్యాండింగ్ సమయానికి అలా జరగడం ఎవరికీ మంచిది కాదు. బ్యాటరీ విమానాలకు ఈ గొడవ లేదు. ఛార్జి అయిపోయినా బ్యాటరీ బరువు తగ్గదు.

రెక్క అడుగున, విమానం ఒంటికి రెండు పక్కలా, ప్లాన్ చెప్పిన కొలత దగ్గర మాస్కింగ్ టేపు అంటించి గీత గీయండి. ఆ గీతల మీద రెండు చూపుడు వేళ్ళు పెట్టి పైకెత్తాలి. ముక్కు కిందికి వాలిపోతే ముక్కు బరువు, తోక వాలితే తోక బరువు. అటూ ఇటూ పోకుండా నిలిస్తే, లేదా ముక్కు రవ్వంత కిందికి వంగితే సరిపోయినట్టే. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రెక్క పైన ఉన్న మోడల్‌ని మామూలుగానే ఎత్తాలి, రెక్క కింద ఉన్న మోడల్‌ని తిరగేసి ఎత్తాలి. బరువు వేళ్ళకు దిగువన వేలాడితేనే విమానం కాస్త ఊగి ఒక చోట కుదురుకుంటుంది. బరువంతా వేళ్ళకు పైన ఉంటే తూకం సరిగ్గా ఉన్నా ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది, మనం లేని లోపాన్ని సరిచేయడానికి దిగుతాం. వేలి కొన లావుగా ఉంటుంది కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల తేడా దానికి తెలియదు. రబ్బరు ఉన్న రెండు పెన్సిళ్ళను నిలువుగా బిగించి, వాటి మీద పెట్టి చూడటం నయం.

ఇక, సీజీ అక్కడే ఎందుకు ఉండాలి? గాలి కుదుపుకి విమానం ముక్కు కొద్దిగా పైకి లేచిందనుకుందాం. రెక్క గాలికి ఇంకాస్త ఏటవాలుగా తగులుతుంది కాబట్టి దాని లిఫ్టు, అంటే పైకి ఎత్తే బలం, పెరుగుతుంది. తోక మీద కూడా అంతో ఇంతో పెరుగుతుంది. కొత్తగా చేరిన ఈ లిఫ్టు అంతా కలిసి ఒక బిందువు దగ్గర పనిచేస్తుంది. దాని పేరు న్యూట్రల్ పాయింట్. సీజీ దానికి ముందుంటే, అదనపు లిఫ్టు విమానాన్ని వెనక నుంచి ఎత్తుతుంది, లేచిన ముక్కు దిగుతుంది, కుదుపు తనంతట తానే సర్దుకుంటుంది. రెండూ ఒకే చోట ఉంటే ముక్కు ఎటు తిరిగితే అటే ఉండిపోతుంది. సీజీ దానికంటే వెనక్కి పోయిందా, లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. పైలట్ వేళ్ళు స్టిక్ మీద ఎంత చురుగ్గా కదిలినా ఎక్కువ సేపు కాపాడలేవు.

ఒంటరి రెక్కకి ఈ బిందువు వెడల్పులో దాదాపు 25 శాతం దగ్గర ఉంటుంది. తోక చేరితే వెనక్కి జరుగుతుంది. తోక ఎంత పెద్దదైతే, ఎంత దూరంగా ఉంటే అంత వెనక్కి. తోకే లేని ఫ్లయింగ్ వింగ్ మోడళ్ళలో సీజీని 15 నుంచి 20 శాతం దగ్గరే పెట్టాల్సి రావడానికి కారణం ఇదే. మామూలు మోడల్‌లో సీజీకీ న్యూట్రల్ పాయింట్‌కీ మధ్య రెక్క వెడల్పులో 5 నుంచి 15 శాతం దూరం ఉంచుతారు. 25 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకి ఇది ఒకటింపావు నుంచి మూడుముప్పావు సెంటీమీటర్లు. మనం సర్దుతున్నది నిజానికి ఈ దూరాన్నే.

1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు రబ్బరు బ్యాండుతో తిరిగే బుల్లి విమానాన్ని వదిలినప్పుడు అది పదికి పైగా సెకన్లు తిన్నగా ఎగిరింది. తోకను వెనక పెట్టి, రెక్క కంటే కాస్త తక్కువ కోణంలో బిగించడంతో ఆ నిలకడ వచ్చింది. మనిషిని మోసిన రైట్ సోదరుల 1903 విమానంలో ఆ నిలకడ లేదు. ముక్కును ఎత్తడానికీ దించడానికీ వాడే ఎలివేటర్ పలకని వాళ్ళు ముందు పెట్టారు, దాంతో న్యూట్రల్ పాయింట్ కూడా ముందుకి వచ్చేసింది. విమానం ఎగుడుదిగుడుగా పడి లేస్తూ పోయేది. 1904 విమానానికి వాళ్ళు చేసిన చికిత్స మన మోడల్ వాళ్ళకి బాగా తెలిసిందే. ముందు భాగంలో సుమారు 30 కిలోల ఇనుము కట్టారు.

బరువు కట్టడం చివరి మందు. ముందు ఉన్నవాటినే జరపాలి. 1.2 కిలోల మోడల్‌లో సీజీ 6 మిల్లీమీటర్లు ముందుకి రావాలనుకోండి. 180 గ్రాముల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని 4 సెంటీమీటర్లు ముందుకి జరిపితే పని అయిపోతుంది, ఒక్క గ్రాము కూడా పెరగదు. బ్యాటరీకి అంత చోటు లేకపోతే సీజీకి 30 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో దాదాపు 24 గ్రాముల సీసం పెట్టాలి. అందుకు టైర్ల షాపులో కారు వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే 5, 10 గ్రాముల అతికింపు బిళ్ళలు చక్కగా పనికొస్తాయి. తోక చివర 10 గ్రాముల జిగురు ఎక్కువైతే, సీజీ నుంచి ఆ చివర ముక్కు కంటే మూడు రెట్లు దూరంలో ఉంటే, ముక్కులో 30 గ్రాములు కట్టాలి. అనుభవమున్నవాళ్ళు తేలికైన బాల్సా చెక్కను ఏరి తోకకి దాచుకునేది ఈ లెక్కతోనే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ కామెల్ లాంటి పొట్టి ముక్కు విమానాల మోడళ్ళు మరీ ఏడిపిస్తాయి. అసలు విమానం ముక్కులో బరువైన రోటరీ ఇంజన్ ఉండేది, మోడల్‌లో ఆ చోట పిడికెడు మోటారు.

వేళ్ళ మీద తూకం కుదిరాక డైవ్ టెస్టు. ఎక్కువ ఎత్తుకి తీసుకెళ్ళి, స్టిక్ వదిలినా సమంగా ఎగిరేలా ట్రిమ్ చేయాలి, అంటే ఎలివేటర్‌ని రవ్వంత పైకో కిందికో సర్ది ఉంచాలి. తర్వాత థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ముక్కును 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వంచి ఎలివేటర్‌ని వదిలేయాలి. విమానం గట్టిగా పైకి లేచిపోయిందంటే ముక్కు బరువు ఎక్కువన్నమాట. ముక్కు బరువున్నది ఇంకా కిందికే పోవాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ బరువును మోయడానికి మనం అప్పటికే ఎలివేటర్‌ని పైకి ట్రిమ్ చేసి ఉంటాం. డైవ్‌లో వేగం రెట్టింపైతే ఆ ఎలివేటర్ బలం నాలుగు రెట్లవుతుంది. ముక్కు బరువు మాత్రం అంతే ఉంటుంది. దాంతో ఎలివేటర్‌దే పైచేయి. అదే కారణంతో, తోక బరువున్నది డైవ్‌లో ఇంకా లోపలికి మునుగుతుంది. అలా మునుగుతుంటే పరీక్ష ఆపి, వెంటనే పైకి లాగి, జాగ్రత్తగా దించేయాలి. తిన్నగా పోతూ నెమ్మదిగా లేస్తే బాగున్నట్టు.

ముక్కు బరువు కాస్త ఎక్కువైతే విమానం మొండిగా ఎగురుతుంది, ల్యాండింగ్ వేగం పెరుగుతుంది, నేల దగ్గర ఎంత లాగినా ముక్కు లేవదు. అయినా ఇంటికి తెచ్చుకోవచ్చు. తోక బరువుతో ఎగిరింది చాలాసార్లు సంచిలో ముక్కలుగా వస్తుంది. మొదటి ఫ్లయిట్‌కి సీజీని ప్లాన్ గుర్తుకి అయిదారు మిల్లీమీటర్లు ముందే ఉంచి, తర్వాత రెండేసి మిల్లీమీటర్లు వెనక్కి జరపమని నా సలహా.

ఇప్పుడు చవకగా దొరికే, కుదుపుల్ని తమంతట తామే సరిదిద్దే జైరో స్టెబిలైజర్ల వల్ల ఒక కొత్త చిక్కు వచ్చింది. తోక బరువును అవి కప్పిపెడతాయి. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన తేజస్ యుద్ధవిమానాన్ని చురుకుదనం కోసం కావాలనే నిలకడ తక్కువగా రూపొందించారు, దాన్ని క్షణక్షణం అదుపులో పెట్టేది కంప్యూటర్లే. అక్కడ కంప్యూటర్ వ్యవస్థ, ఒకటి చెడినా మిగతావి ఆదుకునేలా, నాలుగు వరుసల్లో ఉంటుంది. మన మోడల్‌లో ఉన్నది ఒక్క బుల్లి బోర్డు. తూకం తేలేదాకా దాన్ని ఆపేసి ఎగరేయడమే మంచిది.

సరైన చోటు దొరికాక బ్యాటరీ ముందు అంచు ఎక్కడుందో లోపల మార్కర్‌తో గీత పెట్టుకోండి. లేకపోతే వెల్క్రో మీద ప్రతిసారీ ఒక్కో చోట అతుకుతుంది. వేరే కంపెనీ బ్యాటరీ కొన్నప్పుడు కొలత అదే ఉన్నా బరువు వేరుగా ఉండొచ్చు కాబట్టి, మళ్ళీ ఒకసారి పెన్సిళ్ళ మీద పెట్టి చూశాకే గ్రౌండ్‌కి వెళ్ళండి.